భుజం మీద శాలువా కాదు, కాళ్లకు బూట్లు

పోస్టు కొంచెం పొడుగుంటది, ఓపికతో చదవండి. చదివినంక తిట్టినా సరే.

మన దేవరకొండ దిక్కు తండా తమ్ముడికి ఐటీఐలో మోటార్ మెకానిక్ సీటు వచ్చింది. రెండేళ్ల ట్రేడ్. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ హాస్టళ్లల్ల ఉన్నోళ్లం తలా యాభై, వంద వేసుకుంటే 3,200 జమైనయి. మొన్న రాత్రి మీటింగుల ఏం తేలింది? శాలువా, మెమెంటో, గేటుకు ఫ్లెక్సీ. ఆ తమ్ముడు అదే రూంల ప్లాస్టిక్ చెప్పులతోటి మూలకు కూసున్నడు. చెప్పులేసుకొని వస్తే వర్క్‌షాపులకు రానియ్యమని వానికి సార్లు అప్పటికే చెప్పిన్రు. మనల్ని అడగనీకి సిగ్గుపడ్డడు.

నాకెందుకు మండిందంటే, ఇది నాకు జరిగింది. మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కిన మొదటోణ్ని నేనే. అప్పుడు నాకు నాలుగు శాలువాలు, మూడు గోడ గడియారాలు వచ్చినయి. హాస్టల్ గోడకు మేకు కొట్టనియ్యరు! అదే నెల రికార్డు పుస్తకాలకు పైసల్లేక రెండు ల్యాబులు బయట నిలబడ్డ. శాలువాలు ఇప్పటికీ అమ్మ పెట్టెలనే ఉన్నయి.

"దిల్‌సుఖ్‌నగర్ నిండా ర్యాంకర్ల ఫొటోలే, మన ఐటీఐ పిల్లగాని ఫొటో ఎవడేస్తడు? మనమన్నా వేసుకోవద్దా?" అని ఒక అన్న అడిగిండు. ఆ మాటల బాధ ఉంది, నేను కాదనను. కానీ అన్నా, ఫ్లెక్సీ మీద వాని ముఖం కంటే కింద మన పది మంది ముఖాలే పెద్దగుంటయి కదా. పండుగ ఎవరిది?

ఇంకొకరు, "టూల్స్ కాలేజీలనే ఉంటయి" అన్నరు. ఉంటయి. గేటు దాటి రావు. సెలవు రోజు షెడ్డుల హెల్పర్‌గా పోయి పని నేర్చుకుందామంటే చేతిల సొంత పానా ఉండాలె. లేనోనికి ఉస్తాద్ చీపురు ఇస్తడు.

అందుకే ముందు సేఫ్టీ బూట్లు, ముందర స్టీల్ ముక్కు ఉన్నవి. సర్‌ప్రైజ్ గిఫ్ట్ చెయ్యకండి, వాణ్ని తోలుకపోయి తొడిగించి చూడాలె. తర్వాత పానాలు. ఫుట్‌పాత్ మీద తళతళ మెరిసే నలభై ముక్కల డబ్బా మాత్రం వద్దు. నాలుగుసార్లు గట్టిగ తిప్పితే పానా నోరు తెరుచుకుంటది, బోల్టు తల గుండ్రమైతది, తిట్లు పిల్లగానికి. బైకుల మీద ఎక్కువ పని 10, 12, 14 సైజులదే. ఆ మూడే టపారియా లాంటి మంచి కంపెనీవి విడిగ కొందాం. ఒక ఫీలర్ గేజ్ కూడా. వాల్వ్ సందు, ప్లగ్ సందు కొలిచే సన్న రేకుల కట్ట అది. అక్కడ లెక్క మిల్లీమీటరుల వందో వంతులల్ల ఉంటది, అందాజ నడవది. పైసలు మిగిలితే యూనిఫాం కుట్టుకూలి, లేకుంటే ఒక నెల బస్‌పాస్. ప్యాకింగ్ పేపర్ అసలే వద్దు.

ఫ్లెక్సీకి అడ్వాన్స్ ఇంకా ఇయ్యలేదని పైసలు జమ చేసిన అన్న చెప్పిండు. ఇయ్యకు అన్నా. శనివారం పది గంటలకు ఎల్బీనగర్ మెట్రో కింద కలిసి రాణిగంజ్ పోదాం. తమ్ముణ్ని నేను తోలుకొస్త. బిల్లులు రాత్రికి గ్రూపుల పెడత.