ఆయన సంతకం ఆయనదే, ఆమె సంతకం ఆమెదే



గల్ఫ్‌లో ఉన్న భర్త పేరు ఇక్కడ భార్య పెట్టేస్తుంది. డ్వాక్రా అప్పు కాగితం మీద భార్య పేరు భర్త గీకేస్తాడు. ‘ఏముందిలే, ఆలుమగలేగా’ అని కాగితం తీసుకునేవాళ్లు కూడా సర్దేస్తారు. ఆ మాట నమ్మకండి. పెళ్లయినంత మాత్రాన ఒకరి సంతకం మీద ఇంకొకరికి హక్కు రాదు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ ప్రకారం ఫోర్జరీకి 2 ఏళ్ల దాకా జైలు. మోసం చేయడానికైతే 7 ఏళ్ల దాకా. చెక్కు, సేల్ డీడ్, వీలునామా లాంటి వాటి మీదైతే 338వ సెక్షన్ కింద 10 ఏళ్లు, యావజ్జీవం కూడా పడొచ్చు. దురుద్దేశం ఉంటేనే నేరం, నిజమే. ఫోన్లో ఆయన ‘పెట్టెయ్’ అన్నాడని పెట్టిన ఇల్లాలికి ఆ ఉద్దేశం లేదు. కానీ ఆ మాట విన్న సాక్షి ఎవరు? కాపురం చెడినా, ఆస్తి తగాదా వచ్చినా ‘నేనలా అనలేదు’ అంటే ఆమె ఏం చూపించగలదు? పైగా ఫోర్జరీ రాజీ చేసుకోదగ్గ నేరాల జాబితాలో లేదు. కేసు పెట్టాక ఇద్దరూ కలిసిపోయినా అది దానంతటది పోదు, కొట్టేయించుకోడానికి హైకోర్టు మెట్లెక్కాలి.

భార్య పేరున ఉన్న పొలాన్ని ఆమె సంతకం దొంగతనంగా పెట్టి అమ్మితే, రిజిస్ట్రేషన్ అయినా సరే, కొన్నవాడికి హక్కు రాదు. సబ్‌రిజిస్ట్రార్ ముందు ఇంకో ఆడమనిషిని భార్యగా నిలబెడితే రిజిస్ట్రేషన్ చట్టం 82వ సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా శిక్ష. పుట్టింటివాళ్లు ఇచ్చిన పొలం చెక్క, ప్రభుత్వం ఆమె పేరున ఇచ్చిన ఇంటి పట్టా ఆమెకు చెప్పకుండా తాకట్టుకు పోతున్నాయంటే కడుపు మండుతుంది. అది చనువు కాదు, దొంగతనం. ఆ అప్పు కట్టమని మనుషులొచ్చి నిలబడేది ఆమె గుమ్మం ముందే.

మరి ఆయన దుబాయ్‌లో ఉంటే? అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్టేషన్ చేయించి పవర్ ఆఫ్ అటార్నీ పంపమనండి. అది ఇండియాకు చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. ఏ పనికి అధికారం ఇస్తున్నారో ఆ పనే రాయించండి, ఆస్తంతా రాసివ్వొద్దు. ఆపైన మీరు పెట్టేది మీ సంతకమే, ఆయన తరఫున అని రాసి. బ్యాంకు పనులకైతే తన ఖాతా నడపమని ఖాతాదారు రాసిచ్చే మ్యాండేట్ చాలాచోట్ల సరిపోతుంది. పిల్లల పాస్‌పోర్టుకు తండ్రి సంతకం దొరక్కపోతే ఒక్కరే ఇచ్చే డిక్లరేషన్ ఫారం ఉంది, అనెగ్జర్ సి. అది వదిలేసి ఆయన సంతకం గీస్తే పాస్‌పోర్టుల చట్టం కింద కూడా కేసు పడొచ్చు.

పక్షవాతంతో చెయ్యి లేవని మనిషి డబ్బు తీయడానికీ దారి ఉంది. వేలిముద్రగానీ కాలి వేలి ముద్రగానీ ఇద్దరు సాక్షుల ముందు వేయించుకోవచ్చు, ఆ సాక్షుల్లో ఒకరు బాధ్యత గల బ్యాంకు ఉద్యోగి అయ్యుండాలి. రిజర్వు బ్యాంకు ఈ వెసులుబాటు ఎప్పుడో ఇచ్చింది. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు ఇది చెప్పేవాళ్లు లేకే సంతకాలు గీస్తున్నారు. మనిషి పోయాక మాత్రం మ్యాండేటూ అటార్నీ రెండూ చెల్లవు. అప్పుడు నామినీగానో వారసులుగానో క్లెయిమ్ చేసుకోవాల్సిందే.

అందుకే మేం గట్టిగా అడుగుతున్నాం. సంతకం చేయాల్సిన మనిషి ఎదురుగా లేని అప్పు కాగితాన్ని సంఘం లీడర్లు, బ్యాంకు సిబ్బంది ముట్టుకోవద్దు. మ్యాండేట్ ఫారాలు తెలుగులో అచ్చువేసి ప్రతి బ్రాంచిలో ఉంచాలి. కదల్లేని ఖాతాదారుల ఇంటికి బ్యాంకు మనిషి వెళ్లాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ లాంటి వలస జిల్లాల్లో, పనికోసం విమానమెక్కేవాళ్లకు అటార్నీ రాయించే క్యాంపు పంచాయతీలోనే పెట్టాలి. వచ్చే గ్రామసభలో లేచి ఈ నాలుగు మాటలూ తీర్మానంగా రాయించండి.

ఇప్పటికే మీ పేరున దొంగ సంతకం పడితే బ్యాంకుకూ పోలీసుకూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, రసీదు తీసుకోండి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ 15100.