మంద వెంట నడిచే మనిషి

1971లో వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు' చిత్రములో కృష్ణ గుర్రమెక్కి తిరిగినది మొదలు, తెలుగు యువకులకు కౌబాయ్ అనగానే ఒక స్వేచ్ఛామూర్తి కన్నులకు కట్టుచున్నాడు. ఇల్లు లేదు, వాకిలి లేదు, అడుగువాడు లేడు! అట్టి బ్రతుకును మేమును కోరుకొన్నవారమే. కాని అమెరికాలోని అసలు కౌబాయ్ జీతమునకు పరుల పశువులను తోలిన పనివాడు. 1874లో ముళ్ళతీగకు పేటెంటు లభించిన పిదప బీళ్ళకు కంచెలు పడి, కొలది ఏండ్లలోనే అతని సంచారము ముగిసినది.

అంత దూరము పోనేల? ఉర్దూలో చర్వాహా అన్నను, తెలుగులో గొర్రెలకాపరి అన్నను, ఆ మనిషి మన కోస్గి చుట్టుపట్లనే ఉన్నాడు. బీళ్ళు ఎండగానే గొల్ల, కురుమ సోదరులు మందలను తోలుకొని నీళ్ళున్న దిక్కునకు, కృష్ణ ఒడ్డునకు, ఇంకను దూరమునకు పోవుట ఈ పాలమూరు మెట్టసీమలో పాత అలవాటు. భుజమున గొంగడి, చేత కర్ర, వెంట కుక్క. ఆ గొంగడియే పరుపు, దుప్పటి, గొడుగు. నల్లని దక్కనీ గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడిలో వాన సులభముగా దిగదు. ఇప్పుడు ఉన్ని లేని మాంసపు గొర్రెలు పెరిగినవి, మగ్గములు తగ్గినవి.

ఇక స్వేచ్ఛ మాట. రాత్రి మంద ఎక్కడ నిలువవలెనో చెప్పువాడు చేని ఆసామి. ఎరువు కొరకు మంద పెట్టించుకొన్నప్పుడు ధాన్యమో పైకమో ఇచ్చును. అదే మంద పైరు మీద పడినచో తిట్లు, బందెలదొడ్డి. ఒంటరితనము మాత్రము ఎవరి అనుమతి లేకయే లభించును. నేడు సెల్‌ఫోను ఉన్నది, నిజమే. బిడ్డ గొంతు వినవచ్చును గాని, జ్వరము వచ్చిన ఆ బిడ్డ నుదుటిపై చేయి వేయుటెట్లు?

2017లో రాష్ట్ర ప్రభుత్వము 75 శాతము సబ్సిడీపై కుటుంబమునకు 20 గొర్రెలు, 1 పొట్టేలు ఇచ్చు పథకమును ప్రారంభించినది. గొర్రెలను లెక్కించినవారు వాటికి కావలసిన బీడును లెక్కించినట్లు మాకు తోచదు.

కాపరి బిడ్డలు తండ్రి వెంట పోయినచో చదువు పోవును, పోకున్నచో తండ్రికి తోడు పోవును. కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము: హాజరు తగ్గినదని అట్టి విద్యార్థి పేరు కొట్టివేయుటకు ముందు, ఒక అధ్యాపకుని వాని ఇంటికి పంపి విచారింపుడు. ఫీజు గడువును మందలు తిరిగి వచ్చు వరకు పొడిగింపుడు.