కంబాలపల్లికి లేచిన గొంతు హెచ్ఐవీకి ఎందుకు లేవదు?

2000 మార్చి 11న చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఏడుగురు దళితులను సజీవ దహనం చేశారు. దళిత సంఘాలు వీధికెక్కాయి. 2006లో కోర్టు నిందితులను నిర్దోషులని వదిలేసినప్పుడు మళ్ళీ కడుపు మండింది. ఆ ఏడుగురూ మనవాళ్లని చెప్పుకోవడానికి మనకు సిగ్గనిపించలేదు.

నేటి చిక్కబళ్లాపురం జిల్లాలో హెచ్ఐవీతో బతుకుతున్నవారూ మనవాళ్లే. మరి వాళ్ల మాట వస్తే మన సంఘాలు గొంతు ఎందుకు తగ్గిస్తాయి?

అమెరికాలోని నల్లజాతి పండితురాలు కాథీ కోహెన్ ఇదే ప్రశ్నను తన సొంత జనాన్ని అడిగారు. 1999లో వచ్చిన ఆమె పుస్తకం పేరు 'ది బౌండరీస్ ఆఫ్ బ్లాక్‌నెస్'. పౌరహక్కుల కోసం పోరాడిన నల్లజాతి నాయకత్వం, చర్చీలు ఎయిడ్స్ వచ్చినప్పుడు ఎందుకు వెనకాడాయి? రోగం సోకినవారిలో స్వలింగ సంపర్కులు, మత్తు సూదులు వాడేవారు, పేద స్త్రీలు ఉన్నారు. వాళ్ల పక్కన నిలబడితే జాతి పరువు పోతుందని భయపడ్డారు. వెలికి గురైన జనమే తమలో కొందరిని మళ్ళీ వెలివేశారు.

అమెరికా జనాభాలో నల్లవారు సుమారు 12 శాతం. కొత్తగా బయటపడే హెచ్ఐవీ కేసుల్లో వారి వాటా 40 శాతానికి దగ్గర. ఇది వాళ్ల నడవడి ఫలితమని అనడం అన్యాయం. పేదరికం, ఆలస్యంగా అందే వైద్యం, ఆసుపత్రుల మీద అపనమ్మకం దీని వెనక ఉన్నాయి. 1932 నుంచి 1972 వరకు టస్కెగీలో సిఫిలిస్ ఉన్న నల్లవారికి మందివ్వకుండా ప్రభుత్వ వైద్యులు చూస్తూ కూర్చున్నారు. అపనమ్మకం ఊరికే పుట్టలేదు.

మన దగ్గరికి వద్దాం. బాగేపల్లిలో ఎన్నో ఇళ్లల్లో మాట్లాడేది తెలుగు, ఆఫీసులో నడిచేది కన్నడం. సెంటు భూమి లేని మనిషి పనికోసం బెంగళూరు బస్సెక్కుతాడు. మాత్రల కోసం ఆసుపత్రికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. వరుసలో తెలిసినవాళ్లు చూస్తే పరువు పోతుంది. పాపం లెక్క కట్టేవారికి ఇవేవీ కనబడవు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగారు. యేసు ఆ లెక్కనే తోసిపుచ్చాడు. మన ప్రసంగాలు ఇంకా శిష్యుల ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి.

'మేము ప్రార్థిస్తున్నాం కదా' అంటారు. ప్రార్థించండి. కానీ ప్రార్థన పేరుతో ఒకరి రోగాన్ని పదిమందికి చెప్పడం చాడీ. విశ్వాసముంటే మాత్రలెందుకనడం ప్రాణం తీయడం. పెళ్లికి ముందు పరీక్ష చేయించుకోమని సలహా ఇవ్వొచ్చు. ఆ కాగితం పాస్టరు చేతిలో పెట్టాల్సిందేనని పట్టుబట్టకూడదు.

2004 నుంచి ప్రభుత్వం ఏఆర్టీ మందులు ఉచితంగా ఇస్తోంది. మందులు క్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గి అలాగే ఉంటే, లైంగిక సంబంధం ద్వారా అది ఇతరులకు సోకదు. 2017 నాటి హెచ్ఐవీ చట్టం ఉద్యోగం, చదువు, వైద్యంలో వివక్షను నిషేధించింది. సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదంది. చట్టం ఇంత దూరం వచ్చింది. సంఘం ఎక్కడుంది?

యువతీ యువకులారా, మీ సంఘంలో ఈ ఆదివారమే అడగండి. ఈ విషయం పులిపీఠం నుంచి తీర్పుగా కాక సమాచారంగా ఎప్పుడు వినిపిస్తుందో అడగండి. కూలి పోగొట్టుకుని మందుకు వెళ్లేవారికి బస్సు చార్జీ కానుకల్లోంచి ఇవ్వగలమా అని అడగండి. యేసు కుష్ఠురోగిని దూరం నుంచి కాదు, చేయి చాపి ముట్టి బాగుచేశాడు. ముట్టడానికి భయపడే సంఘం అంటరానితనం గురించి ఏ నోటితో మాట్లాడుతుంది?