పాత రీళ్లను తుక్కుకు వేయకండి

జీగా వెర్టోవ్ 1929లో తీసిన మూకీ సినిమా ‘మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా’ మా ఆపరేటర్ల పనితోనే మొదలవుతుంది. ఖాళీ హాల్లో కుర్చీలు వాటంతటవే తెరుచుకుంటాయి. ఆపరేటర్ రీలు ఎక్కిస్తాడు. ప్రొజెక్టర్‌లో రెండు కార్బన్ పుల్లలు దగ్గరికొచ్చి భగ్గుమంటాయి. హన్మకొండలో డిజిటల్ వచ్చేదాకా అదే వెలుగు ముందు బతికినవాణ్ని కాబట్టి, ఆ సినిమా మీద నాకు హక్కున్నట్టు అనిపిస్తుంది.

అందులో కథ లేదు, నటులు లేరు. మాస్కో, కీవ్, ఒడెస్సా వీధులను కలిపి ఒకే నగరంగా అల్లిన ఎడిటర్ వెర్టోవ్ భార్య ఎలిజవేటా స్విలోవా. నగరం నిద్ర లేస్తుంది, పనికి పోతుంది, ఆడుకుంటుంది. అంతే.

చాలాకాలం ప్రపంచం ఈ సినిమాను అంచు తెగిన బొమ్మగానే చూసింది. మూకీ రీలులో బొమ్మ ఫ్రేము నిండా ఉంటుంది. తర్వాత సంగీతం చేర్చినప్పుడు సౌండ్ ట్రాక్ కోసం ఎడమ పక్క ఒక పట్టీ తీసేశారు. వెర్టోవ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో వదిలి వెళ్లిన ప్రింటును అక్కడివాళ్లు దాచబట్టే నిండు ఫ్రేము మళ్లీ దొరికింది.

ఆ సినిమాలో ఒకచోట బట్టల మిల్లులో కదుళ్లు గిర్రున తిరుగుతుంటాయి, వాటి మీద నవ్వుతున్న కార్మికురాలి ముఖం తేలుతుంది. అది చూసినప్పుడల్లా నాకు ఆజంజాహీ మిల్లే గుర్తొస్తుంది. 1934లో మొదలైన ఆ మిల్లు సైరన్‌తోనే వరంగల్‌లో పొద్దు తెలిసేది. మా నాయిన స్పిన్నింగ్‌లో చేసేవాడు. షిఫ్టు వదిలితే గేటు ముందు రోడ్డంతా సైకిళ్లే. మిల్లు మూతబడింది, షెడ్లు కూలగొట్టారు. ఇక ఆ గేటు కనబడితే ఎవరి పాత రీలులోనో కనబడాలి.

సినిమా వారసత్వం అనగానే మనకు హీరోలే గుర్తొస్తారు. వాళ్ల సినిమాలనైనా కాపాడుకున్నామా? 1921 నాటి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ మిగల్లేదు. ధీరేంద్రనాథ్ గంగూలీ హైదరాబాద్‌లో లోటస్ కంపెనీ పెట్టి తీసిన మూకీలూ పోయాయి. దేశం మొత్తం మీద పదమూడు వందల దాకా మూకీలు తీస్తే, ముక్కలతో కలిపి మిగిలినవి ముప్పై లోపే. రీలులోని వెండి కోసం కరిగించినవి ఎన్నో. నా మట్టుకు, షిఫ్టు దిగిన కార్మికులు రెండు నిమిషాలు కనబడే రీలు ఏ హిట్ సినిమాకూ తక్కువ కాదు.

కాజీపేట రైల్వే క్వార్టర్లలో, పాత స్టూడియోల్లో, కెమెరా ఉన్న డాక్టర్ల, ఇంజనీర్ల ఇళ్లలో అలాంటి 8, 16 ఎం.ఎం. రీళ్లు ఉండొచ్చు. పెళ్లి రీలే అయినా సరే, ఊరేగింపు వెనక ఆనాటి బజారు ఉంటుంది. డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన కొట్టిందా, ఫిల్ము చెడటం మొదలైందని అర్థం. మిగతా డబ్బాలకు దూరంగా పెట్టండి. పాత ప్రొజెక్టర్‌లో వేసి చూడకండి, పళ్లకు చిక్కి చిరుగుతుంది. కాకతీయ యూనివర్సిటీ ముందుకొచ్చి ఊరి రీళ్లన్నీ సేకరించాలి, పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ సాయంతో కాపీలు చేయించాలి. అప్పటిదాకా మీ ఇంటి డబ్బాను ఎండ తగలని, చెమ్మ లేని చోట ఉంచండి. తుక్కు బండికి మాత్రం వేయకండి.