పరిహారం పంటకే! మట్టికెవరు జవాబుదారీ?

పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల విషం నక్కవాగులో కలిసి మంజీర దాకా పారింది. ఆ నీళ్లు తడిపిన పొలాల్లో ఆర్సెనిక్ పేరుకుపోయింది. వాసన గాలికి పోతుంది. లోహం కుళ్లదు, మట్టిని పట్టుకునే ఉంటుంది. గడ్డిలోకి, బర్రె పాలలోకి, చివరికి మన పిల్లల ఒంట్లోకి చేరుతుంది.

1990లో సుప్రీంకోర్టుకెక్కితే రైతుకు దక్కింది పరిహారం. అది పోయిన పంటకు! చెడిన మట్టిని బాగుచేసిందెవరు? 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలే దీన్ని తీవ్ర కాలుష్య ప్రాంతమన్నది. 2014లో తెలంగాణ వచ్చింది. నేల మనదైంది. మరి అందులోని విషం ఎవరిది?

పొలం పొలానా మట్టి పరీక్షించండి. ఫలితాలు తెలుగులో రాసి ఊరి చావడిలో అతికించండి. శుద్ధి ఖర్చు విషం వదిలినవాళ్ల దగ్గరే వసూలు చేయండి. లాభాలు వాళ్లు మోసుకుపోతే, విషం మనం మోయాలా?