దిగాక ఇస్తామంటే ఎక్కేదెలా?

విదేశీ చదువుకు ప్రభుత్వం ప్రకటించిన సాయం పేదింటి విద్యార్థికి ఎప్పుడు అక్కరకు రావాలి? వీసా ఇంటర్వ్యూకు వెళ్లేముందు. వస్తున్నది ఎప్పుడు? విమానం దిగాక, అదీ ఖజానా కరుణిస్తే. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరిట, బీసీలకు జ్యోతిబా ఫులే పేరిట ఓవర్సీస్ విద్యానిధి కింద ఇచ్చే 20 లక్షల రూపాయల్లో తొలి విడత కావాలంటే చదవబోయే దేశంలో కాలుమోపినట్టు ఆధారం చూపాలి. మలి విడతకు మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో తెచ్చిన జగనన్న విదేశీ విద్యాదీవెనలోనూ మొదటి వాయిదా ల్యాండింగ్ పర్మిట్ లేదా ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టినట్టు తెలిపే పత్రం) వచ్చాకే అన్నారు. పార్టీలు వేరు, పథకాల పేర్లు వేరు, మెలిక ఒక్కటే. ఆ మెలిక ఉన్నంతకాలం ఇవి అప్పు పుట్టేవాళ్ల పథకాలే గాని పేదల పథకాలు కావు.

అమెరికా చదువునే తీసుకుందాం. అక్కడి విశ్వవిద్యాలయం వీసాకు అవసరమైన ఐ-20 అనే పత్రం ఇవ్వాలంటే మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ఉందని ముందే రుజువు చేయాలి. ఆ పత్రంలో ఒక పక్క ఫీజు, బస, భోజనం లెక్క ఉంటుంది. పక్కనే ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పే గడులు ఉంటాయి: సొంత సొమ్ము, విశ్వవిద్యాలయం ఇచ్చేది, ఇతరులు ఇచ్చేది. మన ప్రభుత్వాల సాయం పడాల్సింది ఆ ‘ఇతరులు’ గడిలో. చేతిలో మంజూరు కాగితం లేదు గనుక అందులో పడేది సున్నాయే. ఆ లోటును పొలం తాకట్టుతోనో, ఎక్కువ వడ్డీకి ఇచ్చే ప్రైవేటు రుణంతోనో పూడ్చుకోవాలి. రెండూ కుదరనివారి కోసం ఇంకో దుకాణం తెరిచే ఉంటుంది. ఖాతాలో కొన్ని వారాలు డబ్బు ‘చూపించి’, కమీషన్ పుచ్చుకుని, పని కాగానే వెనక్కి లాక్కునే దందా ఎవరికి తెలియదు? తప్పుడు పత్రాలని కాన్సులేట్ తేలిస్తే ఆ విద్యార్థికి అమెరికా తలుపు జీవితాంతం మూసుకుపోయే ప్రమాదముంది. సకాలంలో ఒక్క కాగితం ఇవ్వని సర్కారే ఈ దందాకు గిరాకీ పెంచుతోంది.

వీసా సంగతి ఎప్పుడేమవుతుందో చెప్పలేని రోజులివి. 2025 మే 27న అమెరికా విదేశాంగ శాఖ కొత్త స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూల బుకింగ్ ఆపేసింది. జూన్ 18న మళ్లీ మొదలుపెడుతూ సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలని షరతు పెట్టింది. ఆగస్టులో తరగతులు మొదలయ్యేవారికి ఆ మూడు వారాలు ఎంత విలువైనవో, రాత్రంతా స్లాట్ కోసం తెర ముందు కూర్చున్నవారికే తెలుసు. విద్యార్థి వివరాల నమోదుకు సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా దరఖాస్తుకు 185 డాలర్లు ముందే కట్టాలి. అమెరికా వలస చట్టం 214(బి) సెక్షన్ కింద తిరస్కరిస్తే అప్పీలు లేదు, వీసా ఫీజు వెనక్కి రాదు. వాషింగ్టన్ తీసుకునే నిర్ణయాలను హైదరాబాదూ అమరావతీ మార్చలేవు. వీసా కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకునేవారి విశ్వాసం వారిది, దాన్ని తప్పుపట్టలేం. కానీ రెండో నిరీక్షణ, అంటే స్కాలర్‌షిప్ వస్తుందా రాదా అన్నది, పూర్తిగా మన సచివాలయాల చేతిలోనిది. దాన్నీ మొక్కులకే వదిలేస్తామంటే కుదరదు.

వీసా రాకముందే ప్రజాధనం ఎలా ఇస్తామని అధికారులు అడుగుతారు. డబ్బు ఇవ్వమని ఎవరన్నారు? ‘వీసా వస్తే ఇంత మొత్తం ఇస్తాం’ అని సంతకం చేసిన షరతుతో కూడిన మంజూరు పత్రం చాలు. వీసా రాకపోతే ఖజానా నుంచి రూపాయి కదలదు. వస్తే ఫీజు నేరుగా విశ్వవిద్యాలయానికే పంపవచ్చు. నాసిరకం కాలేజీల్లో చేరి మోసపోతారన్న భయానికీ ఇదే మందు. విమానం దిగిన ఆధారం విద్యార్థి చేరుకున్నాడని చెబుతుందే తప్ప కాలేజీ మంచిదని చెప్పదు. కాలేజీ పరిశీలన మంజూరు పత్రం ఇచ్చే ముందే జరగాలి.

నిధుల్లేవన్నది అసలు అభ్యంతరం. ఢిల్లీ కూడా ఆ పాటే పాడింది. 2025లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 106 మందిని ఎంపిక చేసి, తొలుత 40 మందికే తాత్కాలిక మంజూరు పత్రాలిచ్చింది. మిగతా 66 మందికి నిధుల లభ్యతను బట్టి ఇస్తామంది. ఎంపిక చేశామని చెప్పి ఇలా వేలాడదీయడం కన్నా 40 మందినే ఎంపిక చేయడం నయం. కాదన్న మాట వెంటనే తెలిస్తే విద్యార్థి వేరే దారి చూసుకుంటాడు. తేలకపోతే ప్రవేశం, అప్పు, ఉద్యోగం అన్నీ గాల్లోనే. ఇక వెళ్లినవారి రెండో విడత ఆగితే ఏమవుతుందో చూడండి. ఫీజు బాకీ పడితే విశ్వవిద్యాలయం తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఆపేస్తుంది. పూర్తికాలపు విద్యార్థిగా నమోదు లేకపోతే ఎఫ్-1 విద్యార్థి వీసా హోదాకే ఎసరు. ఇక్కడ పెండింగ్ బిల్లు అక్కడ వీసా ఉల్లంఘన అవుతుంది.

విదేశాలకు వెళ్లేవాళ్లకు మన పన్నులెందుకన్న ప్రశ్నకు జవాబు అంబేడ్కర్ విద్యానిధి పేరులోనే ఉంది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ మంజూరు చేసిన నెలకు పదకొండున్నర పౌండ్ల ఉపకార వేతనంతోనే అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. దాని గడువు తీరడంతో 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. మళ్లీ వెళ్లింది 1920లో, డీఎస్సీ (డాక్టర్ ఆఫ్ సైన్స్) పూర్తిచేసింది 1923లో. సాయం ఆగిన చోట చదువు ఎన్నేళ్లు వెనక్కి పోతుందో ఆయన జీవితమే చెబుతోంది. ఆయన పేరు పెట్టుకున్న పథకంలోనే విద్యార్థులు బకాయిల కోసం అర్జీలు పట్టుకు తిరగడం సిగ్గుచేటు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ నిబంధనలు సవరించాలి. ఆగస్టు ప్రవేశాలకు దరఖాస్తులు జనవరిలో తీసుకుని, ఏప్రిల్ 30లోగా మంజూరు పత్రం ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఆ మాట కూడా ఏప్రిల్ 30లోగానే చెప్పాలి.