చివరి అంకె

వేసవి సెలవుల్లో టెక్సస్‌లో ఉన్న మా తమ్ముడింటికి వెళ్ళాను. వాడు ఇల్లు మారే హడావిడిలో ఉన్నాడు. సామానంతా ట్రెయిలర్‌లో వేసి తన కారుతోనే లాగించాలని పట్టుదల. అందుకు కారు వెనక, అడుగున బోల్టులతో బిగించే ఇనుప కొక్కెం కావాలి. దాన్ని అక్కడ హిచ్ అంటారు. కొత్తదెందుకని, ఎవరో వాడి వదిలేసినది చవకగా కొనుక్కొచ్చాడు.

"ఇది ఎంత బరువు లాగుతుందిరా?" అన్నాను.

"ఇనుము కాదూ అన్నయ్యా! ఎంతైనా లాగుతుంది."

మా మరదలు మాత్రం, "బావగారూ, ఆ కార్లో పిల్లలు కూర్చుంటారు" అంది. ఆ మాట విన్నాక ఊరుకోలేకపోయాను.

హిచ్ మీద కంపెనీవారు ఒక చీటీ అంటిస్తారు. అందులో దాని సంఖ్య, అది లాగదగిన బరువు, ట్రెయిలర్ ముక్కు దానిమీద మోపదగిన బరువు ఉంటాయి. మాదాని చీటీ ఎండకూ వానకూ చెరిగిపోయింది. తాళపత్ర ప్రతిలో ఆశ్వాసాంత గద్య ఉన్న ఆకు పోయినట్టే! కవి ఎవరో ఇక ఇతర ఆధారాలతో తేల్చుకోవలసిందే.

తుప్పు రుద్దగా ఇనుములో కొట్టిన అంకెలు కనిపించాయి. శాసనానికి ప్రతి తీసినట్టు కాగితం పరచి పెన్సిలుతో రుద్దాను. అయిదింటిలో నాలుగు తేలాయి. చివరిది 3 కావచ్చు, 8 కావచ్చు.

గొట్టం నోరు కొలిస్తే 1¼ అంగుళాలు. ఆ కొలతవి సాధారణంగా రెండు తరగతులు. ఒకటి 2,000 పౌన్లు లాగుతుంది, రెండోది 3,500. కంపెనీ జాబితాలో 8తో ముగిసేది మొదటి తరగతి, 3తో ముగిసేది రెండోది. మా ట్రెయిలరూ సామానూ కలిస్తే 3,000 పౌన్లు!

తమ్ముడు "3 అన్నయ్యా, సందేహం లేదు" అన్నాడు. తనకు కావలసిన పాఠమే కవి పాఠమనే పరిష్కర్తలు మాలోనూ ఉన్నారు.

బోల్టు రంధ్రాల మధ్య దూరాలు కొలిచి జాబితాలోని పటాలతో పోల్చాం. 8 అని తేలింది. పైగా అది వేరే కారుకోసం చేసినది! సరైనదే దొరికినా సంఖ్య ఒక్కటీ చాలదు. కారు, హిచ్, దానికి తగిలించే బంతి, ఈ మూడింటిలో దేని శక్తి తక్కువో అదే లెక్క.

సామాను అద్దె లారీలో వెళ్ళింది. పాఠభేదంలో నేను పొరపడితే ఏ విమర్శకుడో నాలుగు చీవాట్లు పెడతాడు. ఇక్కడ పొరపడితే దారినపోయేవాళ్ళ ప్రాణాలమీదికి వస్తుంది.

"దీన్ని ఎవరికైనా అమ్మేస్తాను" అన్నాడు తమ్ముడు.

"అమ్ముకో. ముందు సంఖ్యా, బరువూ రాసి అంటించు" అన్నాను.